మీరు ఎవరి తరపు ప్లీడరుగారూ?

వంకాయలు కొనేటప్పుడు పుచ్చులున్నాయేమోనని అటూ ఇటూ తిప్పి చూస్తాం. చీర కొంటే రంగు పోతుందా అని ఒకటికి రెండుసార్లు అడుగుతాం. పిల్లకి సంబంధం వస్తే వాళ్ళ ఏడు తరాలూ ఆరా తీస్తాం. ఇంత జాగ్రత్తపరులమైన మనం, ఎవరో ప్లీడరుగారు కాగితాలు ముందుకు జరిపి ‘ఇక్కడ సంతకం పెట్టమ్మా’ అనగానే కొంగు సర్దుకుని పెట్టేస్తాం. ‘ఇంతకీ మీరు ఎవరి తరపండీ?’ అన్న ఒక్క ప్రశ్న మన నోటివెంట రాదు.

ఎందుకు రాదంటే మొహమాటం. ఆయన నాన్నగారి కాలం నుంచీ మనింటి ప్లీడరు. పెళ్ళికీ పేరంటానికీ వచ్చి భోంచేసి వెళ్ళినవాడు. అన్నయ్య స్నేహితుడు, లేకపోతే బావగారి తరపు బంధువు. అలాంటివాణ్ణి పట్టుకుని ‘మీరెవరి తరపు’ అంటే ఎంత తప్పు! అయితే తెలిసినవాడు కావడం వేరు, మన తరపువాడు కావడం వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్ల మన ఆడవాళ్ళు పోగొట్టుకుంటున్నది తక్కువేం కాదు. అందుకే లాయరన్నవాడు తాను ఎవరి తరపో చెప్పి తీరాలా, దాచుకోవచ్చా అన్న సంగతి కోర్టువారికి వదిలేయకుండా మనమూ మాట్లాడుకోవాలని నా అభిప్రాయం.

ఒక సంతకం కథ

నాకు తెలిసిన ఒకావిడ ఉంది. కోనసీమలో పుట్టి, పశ్చిమ గోదావరిలో మెట్టింది. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరికీ పొలం దగ్గర, కొబ్బరి తోట దగ్గర పేచీ వచ్చింది. పెద్దవాడు పార్టిషన్ దావా వేశాడు. అలాంటి దావాలో వాటాదారులందర్నీ పార్టీలుగా చేర్చాలి గనక ఈవిడా ప్రతివాదుల్లో ఒకరయింది. చిన్నతమ్ముడు కారేసుకుని వచ్చాడు. ‘నీకెందుకక్కా కోర్టుల చుట్టూ తిరగడం, మనిద్దరికీ ఒకే ప్లీడరు, ఫీజు నేనే ఇస్తాను’ అన్నాడు. ఎంత మంచివాడు తమ్ముడు అనుకుంది. వకాల్తా మీద సంతకం పెట్టింది. ఆ తర్వాత ఇంగ్లీషులో టైపు చేసిన మరికొన్ని కాగితాల మీదా పెట్టింది.

నాలుగేళ్ళ తర్వాత కూతురి పెళ్ళి కుదిరి, తన వాటా మాట ఎత్తితే తమ్ముడు మాట తప్పించాడు. ఎవరో చెబితే కోర్టులో సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టింది. వచ్చిన కాపీ తెలిసినవాళ్ళ చేత చదివించుకుంటే అందులో ఉన్నదిది: పెళ్ళినాడు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరమే తన వాటా అనీ, మిగతా ఆస్తిలో తనకే హక్కూ అక్కర్లేదనీ ఆవిడే కోర్టుకి చెప్పుకున్నట్టు! కింద ఆవిడ సంతకమే.

తమ్ముణ్ణి అడిగితే ‘రాసింది ప్లీడరుగారక్కా’ అన్నాడు. ప్లీడరుగారిని అడిగితే ‘మీ తమ్ముడుగారు చెప్పినట్టే రాశానమ్మా’ అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, చూశారా! ఆయన మొదట్నించీ తమ్ముడి ప్లీడరే. ఆవిడ పేరు మాత్రం ఆయన వకాల్తాలో ఉంది. అంతే తేడా.

ఆడపిల్లకు ఆస్తి హక్కు కోసం మన రాష్ట్రం దేశంలో చాలామంది కంటే ముందు నడిచింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా జన్మహక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయింది. అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టం పెళ్ళితో నిమిత్తం లేకుండా కూతుళ్ళందరికీ ఆ హక్కు ఇచ్చింది. ఆ సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. ముప్ఫై అయిదేళ్ళపాటు చట్టసభలూ కోర్టులూ కలిసి ఇచ్చిన హక్కు, ఎవరి తరపో తెలియని ఒక ప్లీడరు ముందు పెట్టిన సంతకంతో చిక్కుల్లో పడిపోతోంది.

చట్టం ఏమంటోంది?

కోర్టు లోపల ఈ విషయంలో దాపరికానికి తావే లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మూడో ఆర్డరు, నాలుగో రూలు చాలా స్పష్టంగా ఉంది. పార్టీ సంతకం చేసిన రాతపూర్వకమైన అధికారం లేకుండా ఏ ప్లీడరూ ఆ పార్టీ తరపున పని నడపకూడదు. ఆ కాగితాన్నే మనం వకాల్తా అంటాం. కేవలం వాదించడానికి మాత్రమే వచ్చిన లాయరు కూడా తాను ఎవరి తరపున హాజరవుతున్నదీ, తనను రమ్మన్నదెవరో రాసి, సంతకం చేసి కోర్టులో దాఖలు చెయ్యాలి. జడ్జిగారికి చెప్పాల్సిన మాటే ఇది. మరి సంతకం పెట్టే మనిషికి చెప్పక్కర్లేదా?

చెప్పాలి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు ఆ మాటే అంటున్నాయి. కేసు ఒప్పుకునేటప్పుడే, ఆ తర్వాత కేసు నడుస్తున్నంత కాలం కూడా, ఎదుటి పార్టీలతో తనకున్న సంబంధాన్నీ, ఆ వివాదంలో తనకేమైనా ప్రయోజనం ఉంటే దాన్నీ లాయరు తన క్లయింటుకి దాచకుండా చెప్పాలి. ఈ మనిషిని పెట్టుకోవచ్చా లేదా అన్నది క్లయింటు తేల్చుకోవడానికి పనికొచ్చే సంగతి ఏదైనా సరే చెప్పాలి. క్లయింటో, క్లయింటు అధికారమిచ్చిన మనిషో చెప్పింది తప్ప మూడోవాడు చెప్పినదాన్ని బట్టి లాయరు నడుచుకోకూడదు. ఒకరి తరపున సలహా ఇచ్చి, కాగితాలు రాసి, మళ్ళీ అదే వివాదంలో ఎదుటివాడి తరపున నిలబడకూడదు.

పైన చెప్పిన ఆవిడ విషయంలో ‘మీ తమ్ముడుగారు చెప్పినట్టే రాశాను’ అన్న మాటే ఆ ప్లీడరు తప్పు పట్టిస్తోంది. ఫీజు తమ్ముడిచ్చాడు, నిజమే. ఫీజు ఎవరిచ్చినా, వకాల్తా మీద ఎవరి సంతకం ఉందో వాళ్ళే క్లయింటు. ఈ ఒక్క ముక్క మనం కొంగున ముడి వేసుకోవాలి. తండ్రి ఇచ్చినా, అన్న ఇచ్చినా, మొగుడిచ్చినా, కేసు మనదయినప్పుడు లాయరు జవాబు చెప్పుకోవాల్సింది మనకే.

రాజస్థాన్ లాయరు ఒకాయన ఒక కేసులో ముందు ఒక పక్షం, ఆనక ఎదుటి పక్షం పుచ్చుకున్నాడన్న ఫిర్యాదు 1983లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బార్ కౌన్సిల్ వేసిన మూడేళ్ళ సస్పెన్షన్‌ను కోర్టు ఏడాదికి తగ్గించిందిగానీ తప్పును తప్పుగానే చెప్పింది. పరస్పరం పొసగని ఇద్దరి తరపున ఒకే లాయరు ఉండకూడదు. ఉండాల్సి వస్తే ఉన్న సంగతంతా విప్పి చెప్పాక, సంబంధించిన వాళ్ళందరూ స్పష్టంగా ఒప్పుకుంటేనే ఉండాలి అన్నది ఆ తీర్పు సారాంశం. ముందు చెప్పడం, తర్వాత ఒప్పుకోవడం. మనిళ్ళలో ఈ వరస తలకిందులవుతోంది. ముందు సంతకం, ఆ తర్వాత ఎప్పుడో చెప్పడం!

కోర్టు మెట్లు ఎక్కకముందే

అసలు చిక్కంతా కోర్టు బయటే ఉంది. భార్యాభర్తల గొడవ వస్తే మన ఊళ్ళలో ముందు పెద్దమనుషులు కూచుంటారు. ఆ అరుగు మీదో, డ్రాయింగు రూములోనో ఓ లాయరుగారు కూడా ఉంటారు. ‘నేనిక్కడికి లాయరుగా రాలేదమ్మా, మీ మంచి కోరి వచ్చాను’ అంటారు. రెండు గంటలు మాట్లాడాక ఆయన జేబులోంచే ఒప్పందం కాగితం బయటికొస్తుంది. ఆయన్ని అక్కడికి పిలిచిందెవరో, ఆ కాగితం ఎవరు చెబితే టైపయిందో ఆ అమ్మాయికి ఎవరూ చెప్పరు.

పరస్పర అంగీకార విడాకులలోనూ ఇదే తంతు. హిందూ వివాహ చట్టంలో 1976లో వచ్చిన ఈ పద్ధతి మంచిదే. ఒకరి మీద ఒకరు బురద చల్లుకోకుండా విడిపోవచ్చు. ‘ఇద్దరూ ఒప్పుకున్నాక ఇద్దరు లాయర్లెందుకు, దండగ’ అని ఒకరినే పెట్టుకుంటారు. విడిపోవడం దగ్గర ఇద్దరిదీ ఒకే మాట కావచ్చు. మనోవర్తి ఎంత, పిల్లలు ఎవరి దగ్గర, పెళ్ళిలో పెట్టిన బంగారం ఏమయింది అన్న దగ్గర ఒకే మాట ఎలా అవుతుంది? ఒకరికి పెరిగితే మరొకరికి తరిగే లెక్క అది. గోదావరిలో రెండు పడవల మీద చెరో కాలూ వేసి నిలబడ్డవాడు ఏదో ఒక పడవవైపు ఒరగక తప్పదు. సాధారణంగా ఫీజిచ్చిన పడవవైపే ఒరుగుతాడు.

ఆ లాయరు ‘ఒకసారి సంతకం పెట్టాక ఇంక నువ్వు వెనక్కి తగ్గడానికి లేదు’ అంటే భయపడి ఊరుకున్న అమ్మాయిలున్నారు. డిక్రీ ఇచ్చేలోపల భార్యగానీ భర్తగానీ తన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఆ అమ్మాయి తరపు లాయరైతే మొదట చెప్పాల్సిన మాట అది.

మరో నియమం కూడా ఉంది, చాలామందికి తెలియదు. మనకంటూ ఒక లాయరు ఉన్నప్పుడు, ఎదుటి పక్షం లాయరు ఆ గొడవ గురించి నేరుగా మనతో మాట్లాడకూడదు, బేరం పెట్టకూడదు. మాట్లాడితే మన లాయరు ద్వారానే మాట్లాడాలి. మనకు లాయరే లేనప్పుడు ఈ గోడ లేదు. ఆయన ఎన్నిసార్లయినా ఫోన్ చెయ్యవచ్చు, ఇంటికి రావచ్చు, ‘మా చెల్లెలి లాంటి దానివి’ అనవచ్చు. సొంత లాయరు ఉండటం ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా!

దాచాల్సిన సమయమూ ఉంది

అయితే లాయరు ఎప్పుడూ అన్నీ బయటపెట్టేయాలని నేననడం లేదు. ఆ మాటంటే ముందు దెబ్బతినేది మనమే. మొగుడు కొడుతున్నాడని ఓ ఇల్లాలు మార్కెట్టుకని చెప్పి, సంచీ చేత్తో పట్టుకుని లాయరు మెట్లెక్కుతుంది. కేసు వేస్తుందో వెయ్యదో ఆవిడకే తెలియదు. ఆ సాయంత్రమే ఆ కబురు ఇంటికి చేరితే ఆవిడ గతేమిటి? మనవి చిన్న ఊళ్ళు. అమలాపురంలో, నరసాపురంలో, తణుకులో ఎవరు ఏ ఆఫీసులోకి వెళ్ళారో టీ బడ్డీవాడికి కూడా తెలుస్తుంది. లాయరు గుమాస్తా నోరు జారితే చాలు.

అందుకే క్లయింటు చెప్పుకున్న మాటల్ని లాయరు బయటపెట్టకూడదని 1872 నాటి సాక్ష్య చట్టంలోనే 126వ సెక్షనులో రాశారు. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 132వ సెక్షనూ అదే చెబుతోంది. కేసు అయిపోయినా, ఆ లాయర్ని మానేసినా ఆ రహస్యం రహస్యమే. నేరం చెయ్యడానికి సలహా అడిగితే మాత్రం ఈ రక్షణ లేదు. క్లయింట్ల సంగతులు చెప్పమంటూ దర్యాప్తు అధికారులు లాయర్లకు ఎడాపెడా సమన్లు ఇవ్వకూడదని, చట్టంలో చెప్పిన మినహాయింపులు ఉంటేనే, పై అధికారి అనుమతితోనే ఇవ్వాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా కట్టడి చేసింది.

మరి ఒకచోట చెప్పాలి, ఒకచోట దాచాలి అంటే గీత ఎక్కడ? నాకు తోచింది ఇది. క్లయింటు మనసులో మాట దాచాల్సిన సొత్తు. ఆ క్లయింటు తరపున లాయరు మరో మనిషి దగ్గరికొచ్చి మాట్లాడినా, కాగితం ఇచ్చినా, సంతకం అడిగినా, ఆ క్షణం నుంచీ తానెవరి మనిషో చెప్పాలి. ఏం చెప్పుకున్నారన్నది చెప్పనక్కర్లేదు. ఎవరి తరపన్నది చెప్పాలి. గడప లోపల ఉన్నంతసేపూ రహస్యం. గడప దాటి మనింటికొస్తే పేరు చెప్పుకునే రావాలి.

ఒకవేళ భర్త ముందే వెళ్ళి సలహా తీసుకున్న లాయరు దగ్గరికే భార్యా వెళ్ళిందనుకోండి. ‘మీ ఆయన వచ్చి వెళ్ళాడు’ అని ఆయన చెప్పకూడదు. ఆవిడ కథంతా వినకూడదు కూడా. ‘ఈ కేసు నేను తీసుకోలేనమ్మా, వేరేవాళ్ళని చూసుకోండి’ అని మొదటి మాటలోనే అనెయ్యాలి. రహస్యమూ దక్కుతుంది, మోసమూ ఉండదు.

ఈ గడ్డకి కొత్త కాదు

ప్లీడర్లని నిలదియ్యడం గోదావరి గడ్డకి కొత్తేం కాదు. రాజమండ్రిలో వివేకవర్ధని నడిపిన కందుకూరి వీరేశలింగంగారు, ఆనాటి ప్లీడర్ల పోకడల్ని ఎండగట్టడానికే ‘వ్యవహార ధర్మబోధిని’ ప్రహసనం రాశారు. అప్పటికి ఆడవాళ్ళకు నల్లకోటు వేసుకునే హక్కే లేదు. 1923లో ప్రత్యేకంగా చట్టం చేస్తేగానీ మన దేశంలో ఆ అడ్డు తొలగలేదు. ఆ రాజమండ్రిలోనే 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు లా చదివి మద్రాసులో ప్రాక్టీసు చేశారు. 1953లో చైనా వెళ్ళి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసొచ్చి, అలాంటివి మనకూ కావాలని నెహ్రూగారికి నచ్చజెప్పారు. ఆవిడ 1981లో కన్నుమూశారు. 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది. ఆ కోర్టుల్లో లాయరు ఉండి తీరాలన్న నిబంధన లేదు. మన గోడు మనమే చెప్పుకోవచ్చు. ‘ఈయన నా లాయరు కాదండీ’ అని జడ్జిగారితో నిలబడి అనడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు.

‘ఒకే లాయరైతే ఇంటి పరువు నిలుస్తుంది’

ఇలా అనేవాళ్ళ మాటలోనూ కొంత నిజం ఉంది. ఇద్దరు లాయర్లొస్తే రెండు ఫీజులు, నాలుగు వాయిదాలు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడన్న సామెత ఊరికే పుట్టలేదు. ఇరువైపులా తెలిసిన పెద్దమనిషి ఒకడు కూచోబెట్టి సర్దిచెబితే అంతకన్నా కావాల్సిందేముంది?

సర్దిచెప్పేవాడికి మధ్యవర్తి అని పేరుంది. దానికి 2023లో ప్రత్యేకంగా చట్టం కూడా చేశారు. లోక్ అదాలత్‌లున్నాయి. మధ్యవర్తిగా వచ్చినవాడు మధ్యవర్తిగానే ఉండాలి. పొద్దున్న ఇద్దరికీ మధ్యవర్తి, సాయంత్రం ఒక్కరికి వకీలు అయితే కుదరదు. పైగా లోక్ అదాలత్‌లో రాజీపడి అవార్డు తీసుకున్నాక అప్పీలు ఉండదు. కోర్టులో రాజీ డిక్రీకీ మామూలు అప్పీలు లేదు. తిరిగి చూసుకోవడానికి వీల్లేని చోట సంతకం పెట్టేటప్పుడే కదా మనవైపు మనిషి కావాల్సింది?

ఇక ఖర్చంటారా, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళందరికీ ఉచితంగా లాయర్ని ఇస్తారు. జిల్లా కోర్టుల దగ్గర న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఫీజు ఇవ్వలేం గనక అన్నయ్య లాయరే మన లాయరు అనుకోవాల్సిన అవసరం లేదు.

అడుగుదాం

ఏ కాగితమైనా ముందుకొస్తే మొహమాటం పక్కనపెట్టి నాలుగు మాటలు అడుగుదాం. మీరు ఎవరి తరపు? ఇందులో ఇంకెవరి తరపునైనా ఉన్నారా? మిమ్మల్ని పంపిందెవరు? ఇందులో ఏం రాశారో తెలుగులో చదివి వినిపిస్తారా? ఖాళీ వకాల్తా మీద, తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు. పెట్టిన ప్రతి కాగితానికీ నకలు తీసుకుని బీరువాలో దాచుకుందాం. లాయరు మీద నమ్మకం పోతే కోర్టు అనుమతితో మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని మన కాగితాలు అట్టిపెట్టుకునే హక్కు లాయరుకి లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. అన్యాయం చేస్తే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు రాయవచ్చు.

లాయర్లకీ ఒక మనవి. ముఖ్యంగా నల్లకోటు వేసుకున్న మన ఆడపిల్లలకి. మీలో నిజాయితీపరులకి ఈ ప్రశ్న కోపం తెప్పించదని నాకు తెలుసు. ఒప్పందం కాగితమో, రాజీ పత్రమో, ఏదైనా సరే, మొదటి వాక్యం తెలుగులో ఇలా రాయండి: ‘నేను ఫలానా వారి తరపు లాయరును. మీ తరపు లాయరును కాను. సంతకం పెట్టేముందు మీరు మీ లాయరుకి చూపించుకోవచ్చు.’ మూడే వాక్యాలు. వీటికి స్టాంపు ఖర్చు కూడా లేదు. ఈ మూడు వాక్యాలు రాయడానికి వెనకాడే లాయరు తెచ్చిన కాగితం మీద మాత్రం, ఆయన మన మేనమామ అయినా సరే, సంతకం పెట్టకండి.